పొలం అమ్మే ముందు

మేనకోడలికి,

తాటిచెట్టు మీంచి పడి నడుము కింద పట్టు పోయిన గీత కార్మికుడి గురించి రాశావు. స్టెమ్ సెల్స్ ఎక్కించడానికి వాళ్ళు పొలం బేరం పెట్టారనీ, ఏం చెప్పాలో తోచడం లేదనీ అన్నావు. ఫిజియో చదువుతున్నదానివి కనుక కాస్త విడమరిచి చెబుతాను.

ఎవరైనా ‘బాగుపడ్డారు’ అంటే, దెబ్బ తగిలి ఎన్నాళ్ళయిందని ముందు అడుగు. వెన్నుపాము వాపు తగ్గేకొద్దీ కొందరికి ఏ సెల్సూ ఎక్కించకుండానే కొంత పట్టు వస్తుంది. అదీ ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. జపాన్ సంగతే చూడు. సప్పొరో వైద్య విశ్వవిద్యాలయంలో 13 మందికి వాళ్ళ ఎముక మజ్జలోంచే తీసి పెంచిన కణాలను రక్తనాళంలోకి ఎక్కించారు. గాయం తీవ్రతను కొలిచే గ్రేడు 12 మందికి కనీసం ఒక మెట్టు మెరుగైంది. 2018 డిసెంబరులో ప్రభుత్వం షరతులతో అనుమతి కూడా ఇచ్చేసింది. కానీ వాళ్ళంతా కొత్తగా దెబ్బతిన్నవాళ్ళు. సెల్స్ ఎక్కించనివాళ్ళతో పోల్చి చూడలేదు. మెరుగులో మందు వాటా ఎంత, కాలం వాటా ఎంత? ఆ అనుమతి తొందరపాటేనని నా అభిప్రాయం.

అలాగని అంతా బూటకమూ కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ దెబ్బ తగిలి నెలలు గడిచిన పదిమందికి వాళ్ళ కొవ్వులోంచి తీసిన కణాలను నడుము దగ్గర సూదితో ఎక్కించింది. ఏడుగురికి గ్రేడు మెరుగైందని 2024లో ప్రచురించారు. అక్కడా పోల్చడానికి వేరే గుంపు లేదు. టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయం మామూలు కణాలనుంచి మూలకణాలుగా మార్చిన ఐపీఎస్ కణాలతో నలుగురికి చికిత్స చేస్తే, ఒకరు ఆసరా లేకుండా నిలబడగలిగారు. ఇద్దరికి పెద్దగా మార్పు లేదు. మెరుగంటే పరుగెత్తడం కాదమ్మా. గుచ్చితే తెలియడం, మలవిసర్జన కాస్త అదుపులోకి రావడం లాంటివి. రోగికి అవే పెద్ద విషయాలు, కానీ ఈ చికిత్సలకు రోగులను తెచ్చే బ్రోకర్లు చూపించే వీడియోల్లో అవి ఉండవు.

ఇక దుష్ఫలితాలు. తలనొప్పి, జ్వరం, ఒళ్ళునొప్పులు సాధారణంగా వచ్చిపోయేవే. కండరాల బిగుతు, నరాల మంట పెరిగితే మాత్రం నువ్వు చేయించే వ్యాయామాలు కూడా సాగవు. ఇతరుల కణాలైతే శరీరం తిప్పికొట్టకుండా మందులు వాడాలి, వాటితో ఇన్ఫెక్షన్ల భయం. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది 2014లో వెలువడిన ఒక నివేదిక. లిస్బన్‌లో ముక్కు లోపలి పొరను వెన్నుపాములో అమర్చుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ళ తర్వాత అక్కడే గడ్డ ఏర్పడింది. తీసి చూస్తే ముక్కులో లాగే చీమిడి ఊరే కణజాలం! మూడు నెలలు చూసి ‘సురక్షితం’ అనేవాళ్ళను నేను నమ్మను.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము గాయానికి స్టెమ్ సెల్స్ ఇవ్వాలంటే అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే ఇవ్వాలి. సెల్స్ ఎక్కిస్తామన్న ఆసుపత్రివాళ్ళను ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐ నమోదు సంఖ్య అడగమను. ట్రయల్ అంటూనే లక్షలు కట్టమంటే అక్కడికి పోనక్కర్లేదని నా మాటగా చెప్పు.

ఈలోగా పడక పుండు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం ఇంట్లోవాళ్ళకు నేర్పు. అతని చేతులు బాగానే ఉన్నాయన్నావు కదా, డిశ్చార్జి లోపు తనకు తానే క్యాథెటర్ పెట్టుకునేలా మీ సిస్టరుగారితో చెప్పి అలవాటు చేయించు. చేతులు సబ్బుతో కడుక్కోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టమను.

మీ మావయ్య