పందికొక్కు పేరు

విజయవాడ నుండి మచిలీపట్నము పోవు రహదారిపై కంకిపాడు కలదు. కృష్ణా డెల్టాలోని ఆ ప్రాంతపు వరిచేలకు పందికొక్కు పెద్ద శత్రువు. అది గట్లలో బొరియలు త్రవ్వి, వరికంకులను కొరికి, లోపల దాచుకొనును. ఎలుకలను పట్టుటలో నేర్పరులగు యానాదులచే డెల్టా రైతులు దానిని పట్టింతురు.

ఈ జంతువు పేరునకు వింత చరిత్ర కలదు. పంది, కొక్కు అను రెండు తెలుగు మాటలు కలిసి యీ పేరైనది. కొక్కు అనగా పెద్ద ఎలుక. ఆంగ్లేయులు ఆ మాటను ‘బాండికూట్’ అని పలికిరి. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అను శాస్త్రజ్ఞుడు దీని ప్రజాతికి ‘బాండికోటా’ అని పేరిడెను.

అంతకు చాలకాలము ముందే ఆ పేరు సముద్రము దాటినది. ఆస్ట్రేలియాకు వలసపోయిన ఆంగ్లేయులు అచట పొడుగు మూతిగల చిన్న జంతువును చూచి, దానిని గూడ బాండికూట్ అనిరి. కాని అది ఎలుక కాదు; కంగారువలె పిల్లలను సంచిలో పెంచును.

పేరొకటే, గతులు వేరు. ఇచట పందికొక్కును రైతు తరుమును. అచట కొన్ని బాండికూట్ జాతులు అంతరింపగా, మరికొన్నింటిని చట్టము కాపాడుచున్నది. పలక పట్టని రైతు నోటి మాటయు శాస్త్రగ్రంథముల కెక్కగలదని దీనివలన తెలియుచున్నది.