ఫోటోలు బ్లర్‌గా వస్తున్నాయా? తప్పు ఎక్కడుందో ఆ ఫోటోనే చెప్తుంది

పెళ్లిలో తాళి కట్టే క్షణం, స్కూల్ యానివర్సరీలో చెల్లి చేసిన డాన్స్, బతుకమ్మ చుట్టూ అమ్మ ఆడిన ఆట. ఇవేవీ మన ఫోటో కోసం రెండోసారి జరగవు. తీసినప్పుడు చిన్న స్క్రీన్ మీద ఫోటో సూపర్‌గానే కనిపిస్తుంది. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. మొహాలు అలికేసినట్టు ఉంటాయి.

అప్పుడు చాలామందికి వచ్చే మొదటి ఆలోచన "కొత్త ఫోన్ కొనాలి" లేదా "ఈ కెమెరా వేస్ట్" అని. కాస్త ఆగండి. 12 మెగాపిక్సెల్ కెమెరాలో వచ్చే బ్లర్, 200 మెగాపిక్సెల్ కెమెరాలో కూడా అలాగే వస్తుంది, ఎందుకంటే చాలాసార్లు కారణం సెన్సార్ కాదు. బ్లర్‌లో రకాలున్నాయి, ఒక్కోదానికి మందు వేరు. ఏ రకమో తెలియకుండా సెట్టింగ్స్ మారుస్తూ పోతే ఉపయోగం ఉండదు. ఈ ఆర్టికల్‌లో ముందు కారణాన్ని పట్టుకోవడం, తర్వాత దాన్ని సరిచేయడం చూద్దాం.

ముందు ఫోటోని జూమ్ చేసి చదవండి

బ్లర్ అయిన ఫోటో ఒకటి ఓపెన్ చేసి బాగా జూమ్ చేయండి. ఇలా పోల్చుకోండి:

• ఫోటో మొత్తం ఒకే దిశలో సాగినట్టు ఉందా? బల్బులు చుక్కల్లా కాకుండా చిన్న గీతల్లా ఉన్నాయా? మీ చెయ్యి కదిలింది.
• వెనక గోడ, కుర్చీలు షార్ప్‌గా ఉండి మనిషి మాత్రమే చెరిగాడా? మనిషి కదిలాడు, షట్టర్ స్పీడ్ సరిపోలేదు.
• మొహం మెత్తగా ఉండి, వెనకున్న డెకరేషన్ స్పష్టంగా ఉందా? ఫోకస్ వేరేచోట పడింది.
• లైట్ల చుట్టూ పొగలాంటి వెలుగు, ఫోటో అంతా పాలిపోయినట్టు ఉందా? లెన్స్ మీద మురికి గానీ తేమ గానీ ఉంది.
• జుట్టు, చీర అంచు బ్రష్‌తో పెయింట్ వేసినట్టు ఉన్నాయా? అది ఫోన్ సాఫ్ట్‌వేర్ పని, లేదా డిజిటల్ జూమ్ ఫలితం.

తర్వాత ఫోటో డీటెయిల్స్ చూడండి. గూగుల్ ఫోటోస్‌లో ఫోటోని పైకి స్వైప్ చేస్తే షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ, అపెర్చర్ నంబర్లు కనిపిస్తాయి. అక్కడ 1/15 లేదా 1/20 అని ఉంటే దొంగ దాదాపు దొరికినట్టే.

చెయ్యి కదిలితే

షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ సెన్సార్ వెలుగుని పోగుచేస్తూనే ఉంటుంది. ఆ టైమ్‌లో కెమెరా కొంచెం ఊగినా ఆ ఊగడం కూడా ఫోటోలో రికార్డ్ అవుతుంది. ఎంత స్పీడ్ ఉంటే సేఫ్? దీనికి పాత లెక్క ఒకటుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 50 ఎంఎం లెన్స్ వాడితే కనీసం 1/50 సెకను, 200 ఎంఎం వాడితే కనీసం 1/200 ఉండాలి. మన దగ్గర ఎక్కువగా కనిపించే బిగినర్ డీఎస్ఎల్‌ఆర్‌లు, మిర్రర్‌లెస్‌లలో ఉండేది చిన్న సెన్సార్. వాటికి 1.5తో గుణించాలి. అంటే 200 ఎంఎం దగ్గర 1/300 పైనే పెట్టాలి. జూమ్ పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది, అందుకే ఈ లెక్క.

పట్టుకునే పద్ధతి కూడా ముఖ్యం. మోచేతులు పక్కటెముకలకి ఆనించండి. కెమెరా అయితే ఎడమ చెయ్యి లెన్స్ కింద పెట్టండి. ఊపిరి సగం వదిలి, బటన్‌ని పొడిచినట్టు కాకుండా మెల్లగా నొక్కండి. ఒక్క ఫోటో కాకుండా వరుసగా నాలుగైదు తీయండి. నొక్కేటప్పుడు, వేలు తీసేటప్పుడు కదలిక ఎక్కువ, కాబట్టి మధ్యలోవి షార్ప్‌గా వచ్చే అవకాశం ఎక్కువ. ఫోన్‌ని గోడకో, టేబుల్ మీద గ్లాసుకో ఆనించి 2 సెకన్ల టైమర్ పెడితే ట్రైపాడ్ లేకపోయినా పని జరుగుతుంది.

ఓఐఎస్ ఉంది కదా అంటారా? ఉంటే మంచిదే. కానీ అది ఆపేది మీ చేతి వణుకుని మాత్రమే. ఎదుటివాళ్ల కదలికతో దానికి సంబంధం లేదు. స్పెక్స్ షీట్ చూసి మోసపోయేది ఇక్కడే.

మనిషి కదిలితే

చిన్న లెక్క చేద్దాం. మామూలుగా నడిచే మనిషి వేగం గంటకి 5 కిలోమీటర్లు అనుకోండి. సెకనుకి దాదాపు 1.4 మీటర్లు. 1/60 సెకనులో ఆ మనిషి 2.3 సెంటీమీటర్లు జరుగుతాడు. కళ్లూ ముక్కూ చెరిగిపోవడానికి అది చాలు. అదే 1/500లో జరిగేది 3 మిల్లీమీటర్ల కన్నా తక్కువ. ఇక డాన్స్ చేసేవాళ్ల చేతులు నడక కన్నా ఎంతో వేగంగా కదులుతాయి.

అందుకే ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి: కూర్చుని మాట్లాడుకునేవాళ్లకి 1/125, నడిచేవాళ్లకి 1/250, ఆడుకునే పిల్లలకీ డాన్స్‌కీ 1/500, క్రికెట్ లేదా కబడ్డీకి 1/1000. కెమెరాలో డయల్‌ని ఎస్ మోడ్‌కి, కెనాన్‌లో అయితే టీవీ మోడ్‌కి తిప్పి ఈ స్పీడ్ మీరే పెట్టుకోవచ్చు. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే అందులో పెట్టండి.

ఫోన్ వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. నైట్ మోడ్ ఒకటి నుంచి మూడు సెకన్ల దాకా ఫ్రేములు తీసి కలుపుతుంది. గుడి గోపురానికి, రోడ్డు లైట్లకి అది అద్భుతం. గంతులేసే పిల్లాడికి అది శత్రువు. మనుషులు కదులుతుంటే నైట్ మోడ్ ఆఫ్ చేయండి.

ఆ వెలుగు ఎక్కడి నుంచి తేవాలి?

షట్టర్ స్పీడ్ పెంచితే సెన్సార్‌కి వెలుగు తగ్గి ఫోటో చీకటైపోతుంది. అసలు కష్టం ఇదే. రాత్రి బతుకమ్మ ఆట తీస్తున్నారనుకోండి. కిట్ లెన్స్‌ని 55 ఎంఎం దగ్గర పెడితే అపెర్చర్ ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు. ఐఎస్ఓ 400 దగ్గర కెమెరా 1/30 ఇస్తోంది. మనకి కావాల్సింది కనీసం 1/250.

మొదటి దారి ఐఎస్ఓ. ఐఎస్ఓ రెట్టింపు చేసిన ప్రతిసారీ స్పీడ్ రెట్టింపు చేయొచ్చు. 400 నుంచి 3200కి వెళ్తే 1/30 కాస్తా దాదాపు 1/250 అవుతుంది. ఫోటోలో గింజలు కనిపిస్తాయి, నిజమే. కానీ గింజలున్న షార్ప్ ఫోటోని ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చు. శుభ్రంగా ఉన్న బ్లర్ ఫోటోతో ఏం చేసుకుంటాం? ఐఎస్ఓ అంటే భయం వదిలేయండి.

రెండో దారి లెన్స్. ఎఫ్/1.8 లెన్స్ ఎఫ్/5.6తో పోలిస్తే తొమ్మిది రెట్లకి పైగా వెలుగు లోపలికి పంపుతుంది. ఐఎస్ఓ పెంచకుండానే 1/250 వచ్చేస్తుంది. కొత్త కెమెరా బాడీ కొనే ముందు 50 ఎంఎం ఎఫ్/1.8 లాంటి లెన్స్ గురించి ఆలోచించమని చెప్పేది అందుకే.

మూడో దారికి ఖర్చే లేదు. వెలుగున్న వైపు జరగండి, లేదా చప్పట్లు కొట్టి చేతులు ఆగిన ఆ అరక్షణంలో క్లిక్ చేయండి. ప్రతి కదలికలో ఒక చిన్న ఆగుడు ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఎల్ఈడీ లైట్ల కింద స్పీడ్ పెంచితే ఒక్కోసారి ఫోటోలో నల్ల పట్టీలు వస్తాయి. అప్పుడు 1/100కి దిగి చూడండి, లేదా కెమెరాలో మెకానికల్ షట్టర్ వాడండి.

ఫోకస్ తప్పితే

ఎఫ్/1.8 లెన్స్‌తో వచ్చే తిప్పలు ఇవి. చిన్న సెన్సార్ కెమెరాలో 50 ఎంఎం లెన్స్‌తో మీటరున్నర దూరంలోని మనిషిని ఎఫ్/1.8 దగ్గర తీస్తే, షార్ప్‌గా ఉండే లోతు ఆరేడు సెంటీమీటర్లే. కన్ను షార్ప్‌గా ఉంటే చెవి మెత్తబడుతుంది. పెళ్లికొడుకు మీద ఫోకస్ పెడితే, కాస్త వెనక్కి కూర్చున్న పెళ్లికూతురు బ్లర్ అవుతుంది. ఇద్దరుంటే ఎఫ్/4కి, రెండు వరుసల గ్రూప్ ఫోటోకి ఎఫ్/5.6 లేదా ఎఫ్/8కి వెళ్లండి. అలాగని ఎఫ్/22 దాకా పోవద్దు. రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు చెదిరి ఫోటో మొత్తం మెత్తబడుతుంది.

కెమెరాని ఎక్కడ ఫోకస్ చేయాలో దానికే వదిలేయకండి. సింగిల్ పాయింట్ పెట్టి కంటి మీద ఉంచండి. ఐ ఏఎఫ్ ఉంటే ఆన్ చేయండి. కదిలేవాళ్లకి ఏఎఫ్-సీ, కెనాన్‌లో అయితే ఏఐ సర్వో వాడండి. ఫోన్‌లో మొహం మీద ట్యాప్ చేసి, స్క్వేర్ స్థిరపడ్డాకే క్లిక్ చేయండి. పువ్వులు, డాక్యుమెంట్లు తీసేటప్పుడు మరీ దగ్గరికి వెళ్తే చాలా ఫోన్ల మెయిన్ కెమెరా ఫోకస్ చేయలేదు. ఒక అడుగు వెనక్కి వచ్చి 2ఎక్స్ పెట్టండి, తేడా మీకే కనిపిస్తుంది.

మురికి, తేమ, బైక్

ఫోన్ లెన్స్ రోజంతా జేబులో, వేళ్ల కింద ఉంటుంది. ఫోటోకి ముందు మైక్రోఫైబర్ గుడ్డతో ఒకసారి తుడవండి. దుమ్ము ఉంటే ముందు ఊదే బల్బుతో ఎగరగొట్టి, ఆ తర్వాతే తుడవాలి. లేకపోతే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. లెన్స్ మీద అంటించిన గ్లాస్ ప్రొటెక్టర్ కూడా రాత్రి ఫోటోల్లో మెరుపులు తెస్తుంది. ఒకసారి తీసేసి పోల్చండి.

వైజాగ్ బీచ్‌లో ఏసీ కారు దిగగానే తీసిన ఫోటోలు మసకగా వచ్చాయా? చల్లటి గాజు మీద గాలిలోని తేమ పేరుకుంటుంది. తుడిస్తే మళ్లీ వస్తుంది. ఒక పావుగంట కెమెరాని బ్యాగులోనే ఉంచి, బయటి వేడికి అలవాటుపడనివ్వండి.

బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి మ్యాప్ చూసేవాళ్లు ఇది గమనించండి. మోటార్‌సైకిల్ ఇంజిన్ వైబ్రేషన్‌కి ఎక్కువకాలం గురైతే ఓఐఎస్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. తప్పదనుకుంటే వైబ్రేషన్ తగ్గించే మౌంట్ వాడండి.

ఫోన్ మార్చే ముందు 10 నిమిషాల టెస్ట్

పగటి వెలుగులో న్యూస్‌పేపర్‌ని గోడకి అంటించండి. ఫోన్ లేదా కెమెరాని టేబుల్ మీద కదలకుండా పెట్టి, టైమర్‌తో నాలుగు ఫోటోలు తీయండి. తర్వాత చేత్తో పట్టుకుని నాలుగు తీయండి. మొదటి నాలుగులో అక్షరాలు స్పష్టంగా ఉంటే కెమెరాలో లోపం లేదు, మీ డబ్బు మిగిలింది. రెండింటిలోనూ ఒకే మూల మెత్తగా ఉంటే, లేదా ఫోకస్ అస్సలు కుదరకుండా ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంటే అప్పుడు సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి.

వాట్సాప్‌లో వచ్చిన కాపీ చూసి మాత్రం తీర్పు చెప్పకండి. అది ఫోటోని కుదించి పంపుతుంది. ఒరిజినల్ కావాలంటే డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

ఇప్పటికే బ్లర్ అయిన ఫోటోల సంగతి?

కొంచెం చెయ్యి కదిలిన ఫోటోని గూగుల్ ఫోటోస్‌లోని అన్‌బ్లర్ లాంటి టూల్స్ బాగానే లాక్కొస్తాయి. కానీ బాగా చెరిగిన మొహంలో లేని వివరాలని ఏఐ ఊహించి గీస్తుంది. ఫోటో షార్ప్‌గానే వస్తుంది, అందులో ఉన్నది మాత్రం మీ అమ్మమ్మలా ఉండకపోవచ్చు. ఒరిజినల్‌ని డిలీట్ చేయకుండా పక్కన ఉంచుకోండి.

ఈసారి ఫంక్షన్‌కి వెళ్లినప్పుడు మొదటి ఐదు ఫోటోలు తీయగానే జూమ్ చేసి చూసుకోండి. బ్లర్ ఉంటే ఏ రకమో ఇప్పుడు మీకు తెలుసు. తాళి కట్టడానికి ఇంకా టైమ్ ఉండగానే సెట్టింగ్ మార్చేయొచ్చు.