ఉగాదికి ముందే ఇంటికి, పశువుల పాకకు మరమ్మతు – బీమా



ఫాల్గుణం దాటితే ఎండలు ముదురుతాయి. ఇంటి కప్పు ఎండి ఉంటుంది, పక్కనే గడ్డివామి ఉంటుంది, పైన వడగాలి. ఈ మూడూ కలిసిన చోట ఒక్క నిప్పురవ్వ చాలు. కనుక ఉగాదికి ఇంటికి సున్నం వేసే రోజుల్లోనే ఈ క్రింది పనులు కూడా ముగించుకోవాలి.

మరమ్మతు

1. గడ్డివామి ఇంటికి, పాకకు, కరెంటు తీగలకు దూరంగా ఉండాలి. పొయ్యిలోని బూడిదను నీళ్ళు చల్లి ఆర్పిన తరువాతనే పెంటకుప్పలో వేయాలి.

2. దోమల కోసం పాకలో రాత్రిళ్ళు పొగ వేసి నిద్రపోరాదు. పొగ వేసినంతసేపూ ఒక మనిషి దగ్గర ఉండాలి.

3. పశువులను గట్టి పీటముడితో కట్టవద్దు. లాగితే ఊడివచ్చే జారుముడి వేయాలి. గుంజకు ఒక కొడవలి తగిలించి ఉంచండి. పాక అంటుకున్నప్పుడు తాడు విప్పే వ్యవధి ఉండదు.

4. రేకుల కప్పుకు తగులుతున్న వైరును, అతుకులు బయటపడిన వైరును వెంటనే మార్పించండి. మోటారుకు, ఇంటికి ఎర్తింగు సరిగా ఉన్నదీ లేనిదీ ఎలక్ట్రీషియను చేత చూపించండి.

5. చైత్ర వైశాఖాల గాలివానకు ముందుగా లేచిపోయేది వదులైన రేకు. హుక్కులు, బోల్టులు బిగించండి. తాటాకు కప్పయితే కట్లు కొత్తవి వేయండి.

6. పాక గోడల పగుళ్ళు పూడ్చి సున్నం కొట్టండి. పిడుదులు దాగి గుడ్లు పెట్టేది ఆ పగుళ్ళలోనే.

బీమా

మరమ్మతు నష్టాన్ని రానీయకుండా చూస్తుంది. బీమా వచ్చిన నష్టంలో కొంత తీరుస్తుంది. ఒకటి ఉన్నదని రెండవది మానరాదు.

ఇంటి బీమా వేరు, పశువుల బీమా వేరు. ఇంటి పాలసీ ఉన్నంత మాత్రాన గేదె చనిపోతే డబ్బు రాదు. ఇళ్ళ కోసం 2021 ఏప్రిల్ 1 నుండి సాధారణ బీమా కంపెనీలు 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ ఇస్తున్నాయి. అగ్ని, పిడుగు, తుపాను, వరద వంటి ప్రమాదాలు దీనిలో చేరి ఉన్నాయి. మీ ఇల్లు పూరిల్లయితే ఆ సంగతి ముందుగానే చెప్పి, వర్తించేదీ లేనిదీ అడిగి తెలుసుకోండి.

పశువుల బీమాకు ప్రాణం చెవిపోగు. క్లెయిము వచ్చినప్పుడు చనిపోయిన పశువు, బీమా చేసిన పశువు ఒకటేనని చెప్పే సాక్ష్యం అదే. పోగు ఊడిపోతే ఆ రోజే పశువైద్యునికి, కంపెనీకి తెలిపి కొత్తది వేయించి, కొత్త నంబరు పాలసీలో ఎక్కించాలి. ఈ చిన్న పని వాయిదా వేసినందువల్ల, ప్రీమియం సక్రమంగా కట్టిన కుటుంబం కూడా ఒక్క పైసా రాక మిగిలిపోతుంది. ఆ కుటుంబానికి పోయేది పశువు ఒక్కటే కాదు, రోజూ కేంద్రానికి వచ్చే పాల బిల్లు కూడా.

సాధారణంగా పాలసీ మొదలైన 15 రోజుల లోపు జబ్బుతో చనిపోతే క్లెయిము ఉండదు. కనుక జబ్బు చేసిన తరువాత బీమాకు పరుగెత్తితే ప్రయోజనం లేదు. పశువు చనిపోతే వెంటనే కంపెనీకి కబురు చేయాలి. పశువైద్యుడు శవపరీక్ష చేసేవరకు పూడ్చరాదు. పోగుతో సహా ఫోటో తీయించాలి. అప్పు మీద కొన్న పశువైతే పాలసీ బ్యాంకులో ఉండవచ్చు. నకలు తెచ్చుకుని గడువు తేదీ చూసుకోండి.

జాతీయ పశుసంపద మిషను క్రింద రైతు కట్టవలసిన ప్రీమియం వాటాను కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో 15 శాతానికి తగ్గించింది. మిగిలినది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి. మీ ప్రాంతంలో నమోదు ఎప్పుడు జరుగుతుందో పశువైద్యశాలలో విచారించండి.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘంలో చెవిపోగు లేని పాడి పశువులు ఎన్ని?
2. ఉగాది లోపు గడువు తీరే పాలసీలు ఎవరివి?
3. కేంద్రం దగ్గర నీళ్ళ పీపా, ఇసుక బకెట్లు సిద్ధంగా ఉన్నవా?

కార్యదర్శులు ఈ పాఠాన్ని సాయంత్రం పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించి, జవాబులను మినిట్సు పుస్తకంలో వ్రాయవలసిందిగా కోరుతున్నాము.