సర్వర్ రీడ్-ఓన్లీ అయితే ముందు రీస్టార్ట్ కొట్టకండి

రాజపాళయం పక్కనున్న తళవాయిపురంలో నైటీలు కుట్టే యూనిట్లు చాలా ఉన్నాయి. అలాంటి ఒక యూనిట్లో కంప్యూటర్ల బాధ్యత మీదే అనుకుందాం. దీపావళి ముందు రోజులు. సరుకు ఎక్కించిన లారీ గేటు దగ్గర ఆగి ఉంది, లినక్స్ సర్వర్లో బిల్లు సేవ్ కావడం లేదు. పాత బిల్లులు మాత్రం మామూలుగానే తెరుచుకుంటున్నాయి. ఓనర్ మీ వెనకే నిలబడి "రీస్టార్ట్ చెయ్యప్పా" అంటున్నాడు. ఓ పది నిమిషాలు టైమ్ అడగండి.

ముందు ఎర్రర్ పూర్తిగా చదవండి. 'నో స్పేస్ లెఫ్ట్' అని ఉంటే డిస్కు నిండింది, అది చిన్న సంగతి. 'రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్' అని ఉంటే లినక్స్ కావాలనే రాత ఆపేసిందన్నమాట. ఈఎక్స్‌టీ4లో జర్నల్ రాయడం విఫలమైనా, లోపలి లెక్కలు పొసగకపోయినా డేటా ఇంకా పాడవకుండా తలుపు వేసేస్తుంది. డెబియన్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే రూట్ పార్టిషన్‌కి ఈ ఏర్పాటును ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసిపెడుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఇంకా కఠినం, చదవడం కూడా ఆపేస్తుంది.

రీస్టార్ట్ వద్దనడానికి అసలు కారణం ఇది: రూట్ రీడ్-ఓన్లీ అయ్యాక లాగ్ ఫైల్లోకి ఏమీ చేరదు. ఏం జరిగిందో చెప్పే కెర్నల్ మెసేజ్‌లు ర్యామ్‌లోనే ఉంటాయి, మెషీన్ ఆపితే పోతాయి. పైగా చావుకు దగ్గరైన హార్డ్ డిస్కు ఒకసారి ఆగితే మళ్లీ తిరగకపోవచ్చు. కాబట్టి మీ ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్లి, డీమెసేజ్ ఇచ్చే అవుట్‌పుట్ మొత్తాన్ని ల్యాప్‌టాప్‌లోనే ఫైల్‌గా దాచుకోండి.

చాలామంది వెంటనే రీమౌంట్ కమాండ్‌తో రాతను మళ్లీ తెరుస్తారు. ఒక్కోసారి బిల్లు సేవ్ అవుతుంది కూడా. ప్రమాదం అక్కడే ఉంది: లెక్క తప్పిన ఫైల్ సిస్టమ్ మీద కొత్త డేటా రాస్తే పాత ఫైళ్ల మీద పడొచ్చు, అది వారం తర్వాత గానీ బయటపడదు. దాని బదులు డేటాబేస్ సర్వీస్ ఆపి, డేటా ఫోల్డర్ మొత్తం వేరే మెషీన్‌కి కాపీ చేయండి. చదవడం ఇంకా పనిచేస్తోంది కదా, ఆ అవకాశం వదులుకోవద్దు. నిబంధనలు ఒప్పుకుంటే లారీకి బిల్లు చేత్తో రాసి పంపించవచ్చు, సీరియల్ నంబర్ మాత్రం గుర్తుపెట్టుకోండి.

కాపీ చేతికొచ్చాక కారణం వెతకండి. డీమెసేజ్‌లో 'ఐ/ఓ ఎర్రర్' అని డిస్కు పేరుతో కనిపిస్తే అనుమానం హార్డ్‌వేర్ మీద. స్మార్ట్‌సీటీఎల్‌లో పెండింగ్ సెక్టార్లు, రీఅలొకేటెడ్ సెక్టార్లు పెరుగుతుంటే డిస్కు మార్చాల్సిందే. సీఆర్‌సీ ఎర్రర్ల అంకె మాత్రమే పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడండి. కేబుల్ మార్చినా ఆ అంకె సున్నాకి రాదు, ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. వర్చువల్ మెషీన్ అయితే డిస్కు బాగానే ఉండి, స్టోరేజ్ లింక్ కాసేపు తెగినా ఇదే జరుగుతుంది. హార్డ్‌వేర్ ఎర్రర్లేమీ లేకుండా ఫైల్ సిస్టమ్ ఎర్రర్లే ఉంటే, కరెంట్ హఠాత్తుగా పోవడం కారణం కావచ్చు; ఉరుముల వానల్లో కరెంట్ పోయిన రోజులు ఎప్పుడో అడగండి.

ఇక రిపేర్. మౌంట్ అయి ఉన్న ఫైల్ సిస్టమ్ మీద ఎఫ్‌ఎస్‌చెక్ నడపకూడదు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, మొదట ఏమీ మార్చకుండా చూపించే ఆప్షన్‌తో నడపండి. డిస్కే పాడైతే దాని మీద రిపేర్ అసలు వద్దు: డీడీరెస్క్యూతో కొత్త డిస్కుకి ఇమేజ్ తీసి, ఆ కాపీ మీద నడపండి. ఎఫ్‌ఎస్‌చెక్ అడిగే ప్రశ్నలన్నిటికీ 'ఎస్' అని వదిలేస్తే కొన్ని ఫైళ్లు పేర్లు పోగొట్టుకుని లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్లో తేలతాయి.

ఓనర్‌తో "సిస్టమ్ రెడీ" అనే ముందు ఆ రోజు ఆఖరి బిల్లు, స్టాక్ లెక్క, జీఎస్టీ మొత్తం అకౌంటెంట్ చేత సరిచూయించండి. యూపీఎస్‌కి యూఎస్‌బీ కేబుల్ ఉంటే సర్వర్‌కి తగిలించి, బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తానే ఆగేలా సెట్ చేయండి. ఐదు నిమిషాలకోసారి రూట్‌లో ఒక చిన్న ఫైల్ రాసి చూసి, రాయలేకపోతే మీ ఫోన్‌కి కబురు పంపే స్క్రిప్ట్ కూడా క్రాన్‌లో పెట్టండి.