పాళెములోనికి తిరిగి వచ్చుట

పాఠ్యభాగములు: లేవీయకాండము 14:1–32, లూకా 17:11–19



తెగులు వచ్చినప్పుడు ఏమి చేయవలెనో చెప్పువారు అనేకులు. భయము తగ్గిన తరువాత ఇంటిలోనికి, పనిలోనికి, సంఘములోనికి మరల ఎట్లు ప్రవేశింపవలెనో చెప్పువారు కొద్దిమంది. లేవీయకాండములో 13వ అధ్యాయము రోగిని వేరుగా ఉంచు విధమును, 14వ అధ్యాయము బాగుపడినవానిని మరల చేర్చుకొను విధమును బోధించుచున్నవి. 2020వ సంవత్సరములో మనము 13వ అధ్యాయమును బాగుగా నేర్చుకొంటిమి. నోరు కప్పుకొంటిమి, దూరముగా నిలిచితిమి, మందిరపు తలుపులు మూసితిమి. అయితే 14వ అధ్యాయమును నేర్చుకొంటిమా? ఇదియే నేటి పాఠము.

ముందుగా ఒక మాట. రోగము సోకిన ప్రతివాడును పాపము చేసినందున శిక్ష పొందెనని తలంపరాదు. పుట్టుగ్రుడ్డివాని విషయములో శిష్యులు అట్లు తలంచగా ప్రభువు వారిని సరిదిద్దెను (యోహాను 9:1–3).

ఫిల్మ్ నగర్‌లో జరిగిన సంగతి

మన గ్రామముల నుండి బ్రతుకుతెరువు కొరకు హైదరాబాదు వెళ్లినవారిలో కొందరు సినిమా పనిలో చేరిరి. జూబిలీ హిల్స్‌లోను, ఫిల్మ్ నగర్‌లోను ఉన్న పెద్ద భవనములు మనకు బొమ్మలలో తెలియును. వాటికి దగ్గరలోనే కృష్ణానగర్ ఇరుకు గదులలో లైట్లు మోయువారు, వంటవారు, బట్టలు కుట్టువారు, గుంపులో నిలిచి నటించు జూనియర్ ఆర్టిస్టులు కాపురముందురు. వారిలో అనేకులకు పని ఉన్ననాడే కూలి.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయెను. ఆ నెలలోనే నటుడు చిరంజీవి మొదలగువారు కరోనా క్రైసిస్ చారిటీ అను సహాయనిధిని స్థాపించి, సినీ కార్మికుల ఇండ్లకు బియ్యము, పప్పు మొదలగు సరకులు పంచిరి. 2021 జనవరి 16న మన దేశములో టీకాలు వేయుట ఆరంభమాయెను. ఏప్రిల్ 22 నుండి ఆ సహాయనిధి అపోలో వారితో కలిసి, 45 ఏండ్లు దాటిన సినీ కార్మికులకును సినిమా విలేఖరులకును ఉచితముగా టీకా వేయించుటకు పూనుకొనెను. ఆ దినములలోనే రెండవ అల ఉధృతమాయెను. మే 12 నుండి తెలంగాణలో మరల లాక్‌డౌన్ విధింపబడి, జూన్ 20న ఎత్తివేయబడెను. జూలై 30న సినిమాహాళ్లలో క్రొత్త చిత్రములు మరల విడుదలయ్యెను. ఈ సంగతిని 14వ అధ్యాయపు వెలుగులో చూతము.

1. యాజకుడు బయటికి వెళ్లెను (14:3)

బాగుపడినవాడు తనంతట తాను పాళెములోనికి చొరబడలేదు. యాజకుడే పాళెము వెలుపలికి పోయి అతని చూచెను. చేర్చుకొనువారే మొదటి అడుగు వేయవలెనని దీని భావము. కూలివాడు సూదిమందు కొరకు ఒకదినపు కూలి పోగొట్టుకొని వరుసలో నిలుచుట సులభము కాదు. కనుక అతని పేరు వ్రాయించి, చోటు చూపి, ఖర్చు భరించినవారు మంచి పని చేసిరి. మన సంఘములో తెగులు నాటి నుండి ఆరాధనకు రానివారు ఇప్పటికిని ఉన్నారు. వారు ఎందుకు రారని మందిరములో కూర్చుండి అడుగుటకు బదులు, వారి గుమ్మమునకు పోయినవారు ఎందరు?

2. ఏడు దినములు (14:8–10)

శుద్ధుడని చెప్పబడినవాడు స్నానముచేసి పాళెములోనికి వచ్చెను. కాని ఏడు దినములు తన గుడారము బయటనే నివసించెను. ఎనిమిదవ దినమున అర్పణలు తెచ్చెను. దేవుడు తిరిగివచ్చుటకు మెట్లు ఏర్పరచెను. టీకా విషయమును అట్టిదే. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్ గాని, పూనాలో తయారైన కోవిషీల్డు గాని ఒక్క సూదితో ముగియలేదు. రెండవది కొన్ని వారములు ఆగి వేసిరి. అటు తరువాత కూడ శరీరము బలము కూర్చుకొనుటకు సుమారు రెండు వారములు పట్టెను. టీకా పొందినవారికిని రోగము సోకవచ్చును గాని, ప్రాణాపాయము చాల తగ్గును. కాబట్టి టీకా వేసికొన్న మరునాడే గుంపులలో దూరుట తెగువ కాదు, అజాగ్రత్త. టీకా పూర్తియైన పిమ్మటను తలుపు తీయకుండుట జాగ్రత్త కాదు, భయము. మెట్టు మెట్టుగా నడుచుట విశ్వాసము.

మందు పుచ్చుకొనుట అవిశ్వాసమని కొందరు మన గ్రామములలో పలికిరి. హిజ్కియా బాగుపడునని సెలవిచ్చిన దేవుని ప్రవక్తయే అంజూరపు ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను (2 రాజులు 20:5–7). వాగ్దానమును, మందును ఇచ్చువాడు ఒక్కడే.

3. చెవి, చేయి, కాలు (14:14–18)

యాజకుడు అతని కుడిచెవి కొనకును, కుడిచేతి బొట్టనవ్రేలికిని, కుడికాలి బొట్టనవ్రేలికిని రక్తమును, పిమ్మట నూనెను పూసెను. తిరిగివచ్చినవాని వినికిడి, పని, నడక దేవునివి. మన చెవి దుఃఖించువారి మాట వినుచున్నదా? కోవిడ్ సోకి ఆసుపత్రిలో చేరిన గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము 2020 సెప్టెంబరు 25న మరణించినప్పుడు రెండు తెలుగు రాష్ట్రములు ఏడ్చెను. మన వీధిలో విధవరాలైన సహోదరి ఏడ్పును ఎవరు వినిరి? అంత్యక్రియలకు నలుగురు కూడ రాలేని దినములవి. ఆమెకు ఆ దుఃఖము ఇంకను పాతబడలేదు.

4. పేదవాని భాగము (14:21–32)

ఈ అధ్యాయములో పన్నెండు వచనములు పేదవాని గూర్చియే వ్రాయబడినవి. మూడు గొఱ్ఱెలు తేలేనివాడు ఒక్క గొఱ్ఱెపిల్లను, రెండు పక్షులను తేవచ్చును. అర్పణ తగ్గినను పూయబడు రక్తము, నూనె తగ్గలేదు. ప్రవేశించు ద్వారము ఒక్కటే. తెగులు కాలములో గుంపు దృశ్యములు తగ్గింపబడుటచేత, నాయకపాత్రధారి పనిలోనికి వచ్చినను గుంపులోని మనిషి ఇంటివద్దనే ఉండవలసి వచ్చెను. గ్రామములోను అంతే. భూమి గలవాడు త్వరగా కోలుకొనెను. ఆసుపత్రికి అప్పుచేసిన కూలివాడు ఇంకను వడ్డీ కట్టుచున్నాడు. సంఘపు పేదలనిధి అట్టివానిని తలంచవలెను.

5. తిరిగివచ్చిన ఒక్కడు

పదిమంది కుష్ఠరోగులు బాగుపడిరి. ఇండ్లకు పోవలెనని వారికి ఎంత ఆశయో! అయినను ఒకడు మొదట ప్రభువు పాదముల యొద్దకు తిరిగివచ్చెను, వాడు సమరయుడు. తక్కిన తొమ్మిదిమందికి స్వస్థత దొరికెను గాని, వారు కృతజ్ఞత చెల్లింప రాలేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసెనని ప్రకటించెను. మనము పొలములకు, బడులకు, పెండ్లిండ్లకు, సినిమాలకు తిరిగి పోతిమి. ప్రభువు పాదముల యొద్దకు, పొరుగువాని గుమ్మమునకు తిరిగి పోతిమా?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. తెగులు తరువాత మన సంఘమునకు తిరిగి రానివారు ఎవరు? ఈ వారము ఎవరు వారి ఇంటికి పోవుదురు?
2. టీకా వేసికొన్నవారికిని, వేసికొననివారికిని మధ్య ఏర్పడిన మనస్పర్ధ ఏదైన మిగిలియున్నదా?
3. నీ చెవి, చేయి, కాలు నేడు ఎవరి మేలు కొరకు?

ప్రార్థన: ప్రభువా, మమ్మును బ్రదికించి మరల పనిలో నిలిపితివి. ఇంకను వెలుపల నిలిచియున్నవారి యొద్దకు మమ్మును నడిపించుము. ఆమేన్.