నలభై దాటాక సరళీ స్వరాలు

ప్రశ్న: వయసు 46. చిన్నప్పుడు వదిలేసిన సంగీతం మళ్లీ మొదలుపెట్టాను. వారం సాధన చేస్తే నెల మానేస్తున్నాను. ఏం చేయాలి?

జవాబు: ఆదివారం రెండు గంటలు కూర్చుందామనే ఆలోచన ఉంటే మానుకోండి. రోజూ పావుగంట చాలు. శ్రుతిపెట్టె పెట్టుకుని (ఫోన్లో యాప్ అయినా సరే) ముందు షడ్జమం నిలపండి, నెమ్మదిగా మంద్ర పంచమం దాకా దిగండి. తర్వాత మాయామాళవగౌళలో ఒక్క సరళీ వరస, మూడు కాలాల్లో. మూడో కాలంలో తాళం తప్పితే రెండో కాలానికి వచ్చేయండి, సిగ్గేం లేదు. గొంతు చిన్నప్పటి శ్రుతికి అందకపోవచ్చు. అర శ్రుతి తగ్గించుకోండి. కీర్తనలకు తొందరపడకండి, చుట్టాలు ఎంత పాడమన్నా! పండగలకు సాధన ఎలాగూ తప్పుతుంది. దాన్ని పూడ్చాలని మర్నాడు రెట్టింపు పాడితే గొంతు బొంగురుపోవచ్చు. ఆ పావుగంటే పాడండి.