పాఠం 14: గెలిచిన మరుసటి ఏడు

14.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్లు సాధించిన విజయాలను సొంత మాటలలో చెప్పగలుగుతారు.
- గెలవడానికీ, గెలుపును నిలబెట్టుకోవడానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
- సంవత్సరాల పట్టికను చదివి ప్రశ్నలకు జవాబులు రాయగలుగుతారు.
- 'కొను' చేరిన క్రియలను గుర్తించి, వాక్యాలలో వాడగలుగుతారు.

14.1 పరిచయం

మధ్య అండమాన్ దీవిలో రంగత్ ఒక చిన్న పట్టణం. అండమాన్ దీవుల్లో స్థిరపడిన తెలుగువారిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చినవారు. అటువంటి కుటుంబానికి చెందిన ఒక యువకుడిని ఊహించండి. పగలు కొట్లో పని చేస్తాడు. రాత్రి మీలాగే ఈ పుస్తకం ముందు కూర్చుంటాడు. సెలవు రోజున స్నేహితులతో కలిసి ఫుట్‌బాల్ ఆడతాడు. కిందటి ఏడు వాళ్ళ జట్టు కప్పు గెలిచింది. ఈ ఏడు పోటీకి ముందు అతడికీ, మేనమామకూ మధ్య ఇలా మాటలు సాగాయి.

"మావయ్యా, కిందటేడు కప్పు మనదే కదా! ఈ ఏడూ మనదే."

"ఒరే అబ్బాయీ, కిందటేడు మిమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఏడు అందరి కళ్ళూ మీమీదే ఉంటాయి."

"ఉంటే ఏం? అదే జట్టు, అదే ఆట."

"అందుకే భయం. మీ ఆట వాళ్ళకు తెలిసిపోయింది."

మేనమామ మాటలో నిజం ఎంత? హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర చదివి మనమే తేల్చుకుందాం.

14.2 మూలపాఠం

(అ) ఐదేళ్ళు చేయి జారని కప్పు

కిందటిసారి కప్పు గెలిచి, ఈసారి దానిని కాపాడుకోవలసిన జట్టును వార్తాపత్రికలు 'డిఫెండింగ్ చాంపియన్' అంటాయి. మన దేశంలో ఈ మాటకు చక్కని ఉదాహరణ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు.

ఆ రోజుల్లో దేశమంతటా పేరున్న ఫుట్‌బాల్ పోటీలలో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు ఒకటి. అది 1891లో మొదలైంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో ఆ కప్పును గెలిచింది. 1951లో మళ్ళీ గెలిచింది. 1952, 1953, 1954లలో కూడా గెలిచింది. వరుసగా ఐదుసార్లు! అంటే నాలుగుసార్లు డిఫెండింగ్ చాంపియన్‌గా బొంబాయికి వెళ్ళి, నాలుగుసార్లూ కప్పుతోనే తిరిగి వచ్చింది. రోవర్స్ చరిత్రలో ఆ వరుసను మరే జట్టూ అందుకోలేదు. 1955లో మోహన్ బగాన్ గెలవడంతో ఆ వరుసకు తెరపడింది.

(ఆ) చేయి జారిన కప్పు

ఇదే జట్టు కథలో రెండవ వైపు కూడా ఉంది. 1888లో మొదలైన డ్యూరాండ్ కప్పు మన దేశంలో అతి పాత ఫుట్‌బాల్ పోటీ. 1950లో హైదరాబాద్ పోలీసులు దానినీ గెలిచారు. మోహన్ బగాన్‌తో ఫైనల్ మొదట సమానంగా ముగిసింది. తిరిగి ఆడిన ఆటలో హైదరాబాద్ నెగ్గింది. కాని మరుసటి ఏడు, 1951లో, ఆ కప్పు ఈస్ట్ బెంగాల్‌కు పోయింది. 1952లో హైదరాబాద్ పోలీసులు ఫైనల్ దాకా వచ్చి, ఈస్ట్ బెంగాల్ చేతిలోనే ఓడిపోయారు.

గమనించండి. అదే ఊరి జట్టు, అదే శిక్షకుడు, అవే సంవత్సరాలు. ఒక కప్పు నిలిచింది, ఇంకొకటి నిలవలేదు. కాబట్టి ఎప్పుడూ గెలిచే జట్టు అంటూ ఏదీ ఉండదు. ఇవి ఓడితే ఇంటికి పోవలసిన పోటీలు. ఒక్క రోజు ఆట చెడితే ఏడాది శ్రమ పోతుంది. కిందటి ఏటి గెలుపు ఈ ఏటి ఆటలో ఒక్క గోలు కూడా కలపదు.

*మీ ప్రగతిని తెలుసుకోండి 14.1*
ఖాళీలను పూరించండి.
1. రోవర్స్ కప్పు పోటీలు ________ నగరంలో జరిగేవి.
2. హైదరాబాద్ పోలీసులు రోవర్స్ కప్పును వరుసగా ________ సార్లు గెలిచారు.
3. 1952 డ్యూరాండ్ ఫైనల్‌లో హైదరాబాద్ పోలీసులను ఓడించిన జట్టు ________.

(ఇ) బడిపంతులు నేర్పిన ఆట

ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో హైదరాబాద్‌లో జన్మించారు. వృత్తి రీత్యా బడిలో ఉపాధ్యాయుడు. 1950 నుంచి 1963లో మరణించే వరకు హైదరాబాద్ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆటగాళ్ళందరికీ ఆయన 'రహీం సాబ్'.

ఒకసారి గెలిచిన జట్టుకు వచ్చే చిక్కు ఏమిటో ముందు ఆలోచిద్దాం. ఎదుటి జట్లు దానిని శ్రద్ధగా చూస్తాయి. ఎవరు కుడికాలితో కొడతారో, బంతి ఎవరి దగ్గరికి ఎక్కువగా పోతుందో తెలుసుకుంటాయి. ఆ ఒక్కడిని కట్టడి చేస్తే చాలు, జట్టు ఆట ఆగిపోతుంది.

రహీం పెట్టిన కొన్ని పోటీలను ఈ చిక్కు దృష్టితో చూడండి. ఒక పోటీలో బంతిని కాలితో ఆడిస్తూ ఎదుటివాళ్ళను తప్పించుకుపోవడం, అంటే డ్రిబ్లింగ్, నిషేధం. బంతి అందగానే తోటివాడికి పాస్ ఇవ్వాలి. ఇలా అలవాటుపడిన జట్టులో బంతి ఒక్కడి దగ్గర నిలవదు. అప్పుడు ఎవరిని కట్టడి చేయాలి? ఇంకొక పోటీలో ఆటగాడు తన బలహీనమైన కాలితోనే ఆడాలి. రెండు కాళ్ళూ పనిచేసే ఆటగాడిని ఏ పక్క నుంచి ఆపాలి? ఎదుటివాళ్ళకు తెలిసిన మన బలం మీద మాత్రమే ఆధారపడకుండా, మనకు లేని బలాన్ని సంపాదించుకోవడమే ఈ శిక్షణ.

రహీం ఇతర దేశాల ఆటనూ గమనించేవారు. హంగరీ జట్టు ఆడిన తీరును చూసి, తన జట్ల అమరికను మార్చారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో న్యూఢిల్లీ ఆసియా క్రీడలలో బంగారు పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో మొదట దక్షిణ కొరియా చేతిలో ఓడి, ఫైనల్‌లో అదే జట్టును 2-1తో ఓడించి మళ్ళీ బంగారు పతకం అందుకుంది.

ఇక్కడ కూడా ఆ రెండవ వైపు కనబడుతుంది. 1951 విజేతగా 1954లో మనీలాకు వెళ్ళిన భారత జట్టు తొలి దశలోనే వెనుదిరిగింది. 1962 విజేతగా 1966లో బ్యాంకాక్ వెళ్ళిన జట్టుకూ అదే జరిగింది. పతకం గెలిచిన రెండుసార్లూ మన దేశం దానిని నిలబెట్టుకోలేకపోయింది.

(ఈ) సొంత ఊరిలో పరీక్ష

రాష్ట్ర జట్ల మధ్య జరిగే జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీ. 1949లోనూ, 1950లోనూ హైదరాబాద్ జట్టు ఫైనల్ చేరి బెంగాల్ చేతిలో ఓడింది. చివరికి 1956-57లో తిరువనంతపురంలో బొంబాయిని ఓడించి జాతీయ విజేత అయింది.

మరుసటి ఏడు పోటీలు హైదరాబాద్‌లోనే జరిగాయి. సొంత మైదానం అంటే సులువని మనం అనుకుంటాం. కాని సొంత ఊరిలో ఓడిపోతే తలదాచుకునే చోటు ఉండదు. ఫైనల్‌లో మళ్ళీ ఎదురుపడినది బొంబాయి జట్టే. కిందటి ఏడు ఓడిన జట్టు, లెక్క సరిచేసుకోవాలని వచ్చిన జట్టు. హైదరాబాద్ మళ్ళీ గెలిచింది. సంతోష్ ట్రోఫీని నిలబెట్టుకుంది.

ఆ రోజుల హైదరాబాద్ ఆటగాళ్ళలో తులసీదాస్ బలరాం ఒకరు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టారు. శిక్షణకు రోజూ అంత దూరం వచ్చే స్తోమత లేకపోతే, సైకిలు అద్దెకు తీసుకోవడానికి రహీం డబ్బు ఇచ్చారు. బలరాం 1956 ఒలింపిక్స్‌లోనూ, 1962 ఆసియా క్రీడలలోనూ దేశం తరఫున ఆడారు. 1957లో ఆయన కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. గెలిచిన జట్టుకు వచ్చే ఇంకొక చిక్కు ఇదే. మంచి ఆటగాళ్ళ కోసం పెద్ద క్లబ్బులు ఎదురుచూస్తుంటాయి. 1958-59లో సంతోష్ ట్రోఫీ బెంగాల్‌కు చేరింది.

ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో ఆ ట్రోఫీని ఒకసారి గెలిచింది. తరువాత చాలా కాలానికి, 2022 మార్చిలో, హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బు గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మరుసటి ఏడు ఆ జట్టు పట్టికలో రెండో స్థానంలో నిలిచినా, సెమీఫైనల్‌లో పెనాల్టీలలో ఓడిపోయింది. కాలం మారినా, గెలిచిన మరుసటి ఏడు కష్టమైనదే.

(ఉ) మనకు ఏమిటి?

సార్వత్రిక విద్యలో మీకు ఒక సౌకర్యం ఉంది. ఒక విషయంలో ఉత్తీర్ణులైతే ఆ క్రెడిట్ మీ నమోదు కాలమంతా, అంటే ఐదేళ్ళపాటు, నిలుస్తుంది. ఆ విషయం పరీక్ష మళ్ళీ రాయనక్కరలేదు. ఆటలో ఇటువంటి సౌకర్యం లేదు. కప్పు ప్రతి ఏడూ మళ్ళీ గెలవాలి.

అయితే క్రెడిట్ నిలుస్తుంది కాని, చదువు దానంతట అది నిలవదు. తెలుగు పరీక్ష ఉత్తీర్ణులై ఏడాదిపాటు ఒక్క పేజీ కూడా చదవకపోతే, మార్కుల పత్రం పెట్టెలో ఉంటుంది, చదివే వేగం పోతుంది. రహీం జట్టును గుర్తు తెచ్చుకోండి. గెలిచిన తరువాత కూడా వారు బలహీనమైన కాలితో సాధన చేశారు. మీ బలహీనమైన కాలు ఏది? లెక్కలా, ఉత్తరం రాయడమా, అందరి ముందు చదవడమా?

*మీ ప్రగతిని తెలుసుకోండి 14.2*
సరైన వాక్యానికి (✓), తప్పు వాక్యానికి (✗) గుర్తు పెట్టండి.
1. రహీం వృత్తి రీత్యా ఉపాధ్యాయుడు. ( )
2. 1954 ఆసియా క్రీడలలో భారత జట్టు పతకాన్ని నిలబెట్టుకుంది. ( )
3. హైదరాబాద్ వరుసగా రెండవసారి సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు పోటీలు హైదరాబాద్‌లోనే జరిగాయి. ( )

14.3 పట్టిక చదవడం

హైదరాబాద్ పోలీస్ జట్టు ఫలితాలు

సంవత్సరం – రోవర్స్ విజేత – డ్యూరాండ్ విజేత
1950 – హైదరాబాద్ పోలీస్ – హైదరాబాద్ పోలీస్
1951 – హైదరాబాద్ పోలీస్ – ఈస్ట్ బెంగాల్
1952 – హైదరాబాద్ పోలీస్ – ఈస్ట్ బెంగాల్
1953 – హైదరాబాద్ పోలీస్ – మోహన్ బగాన్
1954 – హైదరాబాద్ పోలీస్ – హైదరాబాద్ పోలీస్

1. రెండు కప్పులూ ఒకే జట్టు గెలిచిన సంవత్సరాలు ఏవి?
2. డ్యూరాండ్ కప్పును వరుసగా రెండుసార్లు గెలిచిన జట్టు ఏది?

14.4 భాషాంశం: 'కొను' చేరిన క్రియలు

కింది వాక్యాల జతలు చదవండి.
- అక్క అన్నం వండింది. / అక్క అన్నం వండుకుంది.
- అతడు ఉత్తరం రాశాడు. / అతడు లెక్కలు రాసుకున్నాడు.

మొదటి జతలో 'వండింది' అంటే ఎవరి కోసమైనా కావచ్చు. 'వండుకుంది' అంటే తన కోసం. పని చేసినవారికే ఆ పని ఫలం చెందినప్పుడు క్రియకు 'కొను' చేరుతుంది. వాడుకలో ఇది 'కుంది', 'కున్నాడు', 'కున్నారు' అని మారుతుంది.

ఇప్పుడు పాఠం చూడండి. స్తంభాన్ని ఎవరైనా 'నిలబెట్టవచ్చు'. కప్పును మాత్రం గెలిచినవారే 'నిలబెట్టుకోవాలి'. ఆ పని వారి కోసం ఇంకొకరు చేయలేరు. అందుకే ఇక్కడ 'కొను' తప్పనిసరి.

అభ్యాసం: ఈ క్రియలకు 'కొను' చేర్చి, ఒక్కొక్క సొంత వాక్యం రాయండి.
కట్టు, నేర్చు, దాచు, తెచ్చు

14.5 కొత్త పదాలు

శిక్షకుడు = ఆట నేర్పేవాడు, కోచ్
కట్టడి చేయు = కదలనీయకుండా ఆపు
అమరిక = మైదానంలో ఆటగాళ్ళు నిలిచే ఏర్పాటు
వెనుదిరుగు = ఓడి తిరిగివచ్చు
స్తోమత = ఖర్చు పెట్టగల శక్తి

14.6 సారాంశం

హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు రోవర్స్ కప్పును నిలబెట్టుకుంది. 1950లో గెలిచిన డ్యూరాండ్ కప్పును మరుసటి ఏడే పోగొట్టుకుంది. హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57లో గెలిచిన సంతోష్ ట్రోఫీని మరుసటి ఏడు సొంత ఊరిలో నిలబెట్టుకుంది. గెలిచిన జట్టును అందరూ గమనిస్తారు, దాని ఆటగాళ్ళను ఇతరులు కోరుకుంటారు. అందువల్ల గెలిచిన తరువాత కూడా కొత్తగా నేర్చుకోవాలి. రహీం శిక్షణ ఇదే చెబుతుంది.

14.7 పాఠాంత ప్రశ్నలు

1. గెలిచిన జట్టుకు మరుసటి ఏడు ఎదురయ్యే రెండు చిక్కులను వివరించండి.
2. బలహీనమైన కాలితో ఆడించడం వల్ల జట్టుకు కలిగే లాభం ఏమిటి?
3. పరిచయంలోని మేనమామ మాటతో మీరు ఏకీభవిస్తారా? పాఠం నుంచి ఒక ఉదాహరణ ఇచ్చి ఐదు వాక్యాలు రాయండి.
4. మీరు ఒకసారి సాధించి, తరువాత వదిలేసిన పని ఏదైనా ఉందా? దానిని మళ్ళీ ఎలా మొదలుపెడతారో స్నేహితుడికి లేదా స్నేహితురాలికి ఉత్తరం రాయండి.

14.8 జవాబులు

14.1: 1. బొంబాయి 2. ఐదు 3. ఈస్ట్ బెంగాల్
14.2: 1. ✓ 2. ✗ 3. ✓
14.3: 1. 1950, 1954 2. ఈస్ట్ బెంగాల్
14.4: కట్టుకొను, నేర్చుకొను, దాచుకొను, తెచ్చుకొను. మీ వాక్యాలను ఇంట్లోవారికో, అధ్యయన కేంద్రంలోని ఉపాధ్యాయులకో చూపించండి.